ప్రజాభిప్రాయంలో ప్రజలెక్కడ?

ప్రజాభిప్రాయం అనే సమాసానికి విగ్రహవాక్యం చెప్పమంటే ఏ విద్యార్థి అయినా చెబుతాడు: ప్రజల యొక్క అభిప్రాయం, షష్ఠీ తత్పురుషం. కొత్తగా కట్టబోయే విద్యుత్కేంద్రం దగ్గర వేసిన షామియానాలో ఆ ప్రజలెక్కడున్నారో చూపమంటేనే చిక్కు.

వికారాబాదు నుంచి రైలెక్కి తాండూరు పోయి తెలుగు పాఠం చెప్పేవాణ్ణి నేను. నాపరాయి గనుల్లో పనిచేసేవారి పిల్లలూ, కంది పండించే రైతుల పిల్లలూ నా విద్యార్థులు. ఒకసారి ఒక బొగ్గు విద్యుత్కేంద్రం గురించి తెలుగులో అచ్చువేసిన సారాంశాన్ని క్లాసులో చదివించాను. ఉద్గారాలు, ఉపశమన చర్యలు... ప్రతి మాటా తెలుగు లిపిలోనే వుంది. ఒక అమ్మాయి లేచి, "సార్, బూడిద మా చేన్ల పడతదా, పడదా?" అని అడిగింది. పేజీలన్నీ తిరగవేశాం. అవుననీ లేదు, కాదనీ లేదు.

చట్టం చూడబోతే ఉదారంగానే కనిపిస్తుంది. ఇటువంటి బహిరంగ విచారణను 1997లో తప్పనిసరి చేశారు. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషను ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన, స్థానిక భాషలో సారాంశం, కలెక్టరుదో ఆయన ప్రతినిధిదో అధ్యక్షత, వీడియో చిత్రీకరణ వుండాలి. అయితే సభకు కోరం అక్కరలేదని కూడా అదే నోటిఫికేషను అంటుంది. ప్రజలు చెప్పింది రాసుకోవాలే గాని, వారు వద్దంటే ఆపి తీరాలన్న నియమం లేదు. ప్రజలకు మాట వున్నది, ఓటు లేదు.

దీని ఫలితం చూడండి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2,640 మెగావాట్ల కేంద్రం తలపెట్టినప్పుడు కాగితాలమీద అది పనికిరాని భూమి. అక్కడి రైతులకూ మత్స్యకారులకూ అది బీల. వరికి నీళ్లూ, వలకు చేపలూ ఇచ్చే తడినేల. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అనుమతిని రద్దు చేసింది. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రానికి 2015 జూన్‌లోనే శంకుస్థాపన జరిగింది; పర్యావరణ అనుమతి వచ్చింది 2017లో. 2022లో హరిత ట్రిబ్యునల్ తిరిగి పరిశీలించమన్నాక, 2024 ఫిబ్రవరిలో మళ్లీ ప్రజలను అడిగారు. అప్పటికే పొగగొట్టాలు లేచి వున్నాయి. తాళి కట్టిన తర్వాత పెళ్లిచూపులంటే ఇదే!

మా వికారాబాదు జిల్లా లగచర్లలో 2024 నవంబరు 11న జరిగింది విద్యుత్తు కోసం కాదు, ఔషధ పరిశ్రమల భూమి కోసం. సభ వూరి వెలుపల పెట్టారు. జనం అక్కడికి రాలేదు. అధికారులు వూళ్లోకి వెళ్లగా దాడి జరిగింది, అరెస్టులు జరిగాయి. నెలాఖరుకు భూసేకరణ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. అధికారిమీద చెయ్యెత్తడం పోరాటం కాదు. కాని నిర్ణయం ముందూ, ప్రశ్న వెనకా అయినచోట కోపం సభలో ఇమడదని గుర్తించవలసి వున్నది.

నేను విద్యుత్తు వద్దనేవాణ్ణి కాను. రైతు బావి మోటారూ, నా విద్యార్థుల ఇంటి దీపమూ దానితోనే నడుస్తున్నాయి. వెలుగు ఒకరికీ, బూడిద వేరొకరికీ పంచే హక్కు ఎవరిదన్నదే అసలు ప్రశ్న. చట్టాన్ని మార్చే పోరాటం దీర్ఘమైనదే. ఆలోగా అధ్యాపకులూ, విద్యార్థులూ చేయదగిన పని ఒకటున్నది: ఆ 30 రోజుల్లో వూరూరికీ వెళ్లి, ఆ సారాంశాన్ని వూరివారి మాటల్లో విప్పి చెప్పడం, వారి ప్రశ్నలను వారి మాటల్లోనే సభ రికార్డులోకి ఎక్కించడం. బూడిద చేన్ల పడతదా, పడదా అన్నది అందులో మొదటి ప్రశ్న కావాలి.