కార్వాన్ దారిలో కొత్త బండి

గోల్కొండ కోట నుంచి పురానాపూల్ వైపు సాగే దారిలో కార్వాన్ అనే పేట ఉంది. వర్తకుల బిడారులు విడిది చేసిన చోటు కనుక ఆ పేరు స్థిరపడింది. కోటకు మరో దిక్కున, షేక్‌పేటలో, కుతుబ్‌షాహీల కాలం నాటి సరాయి నేటికీ నిలిచి ఉంది. బాటసారులకు గదులు, గుర్రాలకూ ఒంటెలకూ శాలలు, చెంతనే మస్జిదు. ప్రయాణికుడికి ఏమేమి అవసరమో ఆనాటి వారికి స్పష్టంగా తెలుసు.

ఆ సరాయి నుంచి గుట్ట ఎక్కితే ఫిల్మ్‌నగర్, దాన్ని దాటితే జూబ్లీహిల్స్. తెలుగు చిత్రసీమ మద్రాసు నుంచి తరలివచ్చి స్థిరపడిన ఈ గుట్టల మీద రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ చాంబర్ వెలిశాయి. ఇక్కడి వీధుల్లో నటీనటుల క్యారవాన్లు నిత్యం కనిపిస్తాయి. ఫారసీ మాట కార్వాన్ ఐరోపా భాషలన్నీ చుట్టి, చివరికి పుట్టింటికి దగ్గరగా ఇలా తిరిగివచ్చింది. ఒంటెల వరుస కాస్తా ఏసీ గదిగా మారింది.

ఆ బండ్లను చూసిన కుటుంబీకులకు ఒక కోరిక కలగడం సహజం. వృద్ధులైన తల్లిదండ్రులను, పిల్లలను వెంటబెట్టుకుని నాగార్జునసాగర్‌కో అనంతగిరికో వెళ్లేటప్పుడు మరుగుదొడ్డి, వుజూకు నీళ్లు, పరదా, నమాజుకు శుభ్రమైన చోటు తమతోనే ఉంటే ఎంత బాగుండును! అయితే సినిమా క్యారవాన్లు ఎక్కువగా బస్సు, లారీ చాసిస్‌ల మీద కట్టినవి. పిల్లవాణ్ణి బడిలో దింపడానికి అటువంటి బండి పనికిరాదు. ఇంటి అవసరానికి తగిన మార్గం వేరొకటి ఉంది. గదిని ట్రైలర్‌గా విడిగా ఉంచి, దాన్ని లాగే పికప్‌ను నిత్యం వాడుకోవడం.

మన దేశంలో ఇందుకు తగిన పికప్‌లు కొన్నే. ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది. దాని ఇంజిన్ 1.9 లీటర్ల డీజిల్. 2022లో వచ్చిన టయోటా హైలక్స్‌ది 2.8 లీటర్ల డీజిల్. విడుదలైనప్పుడు దాని తొలి ధరే దాదాపు 34 లక్షల రూపాయలుగా ఉండేది. రెండింటి పొడవూ సుమారు 5.3 మీటర్లు.

ఎంపికలో మొదట చూడవలసింది ఇంజిన్ బలం కాదు, బరువుల లెక్క. నీరు, గ్యాస్, సామానుతో కలిపి ట్రైలర్ 1,200 కిలోలు తూగుతుందనుకుందాం. అందులో కనీసం పదో వంతు, అంటే 120 కిలోలు, పికప్ వెనుక హుక్కు మీద పడాలి. అంతకు తగ్గితే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. మరీ ఎక్కువైతే పికప్ ముందు భాగం తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది. ఐదుగురు మనుషులు మరో 300 కిలోలు. తొట్టిలో పెట్టె ఒక్కటీ పెట్టకముందే మొత్తం 420 కిలోలైంది. ఆ బండి మోయగల బరువు ఇంతకు మించి ఉందా లేదా అన్నది ప్రకటన చూసి కాదు, వాహన పత్రాలు చూసి తేల్చుకోవాలి. ఆస్ట్రేలియాలో అమ్మే కొన్ని హైలక్స్‌లు బ్రేకులున్న ట్రైలర్‌ను 3,500 కిలోల దాకా లాగుతాయి. ఆ అంకెను ఇక్కడి మోడల్‌కు ఆపాదించుకోవడం ప్రమాదం. లాగగల బరువెంతో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవడమే క్షేమం.

రెండవది బ్రేకులు. ఎక్కేటప్పుడు బలహీనమైన బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు ఆగని బండి ప్రాణాలు తీస్తుంది. శ్రీశైలం ఘాట్‌లో వెనుక టన్నుకు పైగా బరువు తోస్తుంటే పికప్ బ్రేకులు ఒక్కటే చాలవు. ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. తక్కువ గేరులో దిగే ఓర్పు డ్రైవరుకు ఉండాలి. నల్లమలలో ఆ దారి రాత్రివేళ మూసివేస్తారు కనుక పగటిపూటే ప్రయాణం ముగిసేలా చూసుకోవాలి.

మూడవది నిత్యజీవితం. విహారయాత్ర ఏడాదిలో పది రోజులైతే, మిగిలిన మూడు వందల యాభై అయిదు రోజులు ఈ బండి నగరంలోనే తిరగాలి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వద్ద వాలు మీద ఆగి, మళ్లీ కదిలి, మళ్లీ ఆగే రద్దీలో ఆటోమేటిక్ గేరు ఎడమకాలిని కాపాడుతుంది. పికప్‌లకు వెనుక లీఫ్ స్ప్రింగులు ఉంటాయి. తొట్టి ఖాళీగా ఉంటే గతుకుల మీద ఎగిరిపడతాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మను వెనుక సీట్లో కూర్చోబెట్టి అరగంట తిప్పి చూడండి. షోరూమ్ చెప్పనిది ఆమె ముఖం చెబుతుంది. రోడ్ నంబర్ 45లో తేలికగా సాగే బండి ఫిల్మ్‌నగర్ బస్తీ సందులో తిరగకపోవచ్చు. ట్రైలర్‌ను వీధిలో నిలిపితే పొరుగువారి దారికి అడ్డు. అందుకే బండి కొనకముందే దాన్ని నిలిపే చోటు వెతకాలి. ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ అవసరమని కూడా మరువరాదు.

ఇన్ని లెక్కలు వేశాక చాలా కుటుంబాలకు తేలే సమాధానం ఒకటే: చిన్న ట్రైలర్, దానికి సరిపడే పికప్. యాత్రలు ఏడాదికి ఒకటి రెండే అయితే రెండూ కొనకుండా బండిని అద్దెకు తీసుకోవడం ఇంకా మేలు. ఆ సొమ్ము పిల్లల చదువుకు మిగులుతుంది.

షేక్‌పేట సరాయిలో బస చేసిన వర్తకుడు ఒంటె అందం చూసి మూటలు కట్టలేదు. అది మోయగలిగినంతే కట్టాడు, గమ్యం చేరాడు. ఆ దారినే వెళ్లే మనకూ ఆ కొలత చాలు.