నానమ్మకు కనబడాలంటే పెద్ద తెర కావాలి

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది ఎ.కొండూరు వైపు తండా. ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్ దగ్గర గది తీసుకుని చదువుకుంటున్నా. మొన్న మా నానమ్మ కంటి పరీక్షకని వచ్చి రెండు రోజులు నా దగ్గరే ఉంది. వస్తూ వస్తూ ఒక మూట తెచ్చింది. విప్పితే ఆమె పెళ్లినాటి పేటియ, కాంచళి, ఇంకా అద్దాల కుట్టు ముక్కలు. మొత్తం పన్నెండు. "నా తర్వాత ఇవెవరికి కావాలిరా, నువ్వే ఉంచు" అంది.

ఉంచితే సరిపోదు, ఫోటోలు తీసి, ఏది ఎవరు కుట్టారో ఆమె నోటితోనే చెప్పించి రాసుకోవాలనిపించింది. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా గది పక్కనున్న కొండపల్లి బొమ్మకూ ఆ గుర్తింపు ఉంది. మా తండా కుట్టుకు మాత్రం నాలుగు మంచి ఫోటోలు కూడా లేవు.

స్నేహితుడి కెమెరా అడిగి తెచ్చా. తీసి చూపిస్తే ఆ మూడంగుళాల తెర మీద నానమ్మకు ఏం కనబడలా. "అంతా మసకేరా" అంది. కెమెరాని వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపితే, నొక్కిన వెంటనే ఫోటో పెద్ద తెర మీదకొస్తుంది. దీన్నే టెథరింగ్ అంటారు. పది నిమిషాల పనే కదా అనుకున్నా. రాత్రి పదకొండైంది.

మొదటి వైరు ఛార్జింగ్‌కే పనికొచ్చేది, డేటా పోదు. పరిగెత్తి ఇంకోటి కొనుక్కొచ్చా. అప్పుడూ ఉలుకూ పలుకూ లేదు. కెమెరాలో వైఫై ఆన్‌లో ఉంది. కొన్ని కెమెరాల్లో అది ఆన్‌లో ఉంటే వైరు కనెక్షన్ పనిచేయదు. వైఫై తీసేశాక, కంపెనీ సాఫ్ట్‌వేర్ వేద్దామంటే అది విండోస్‌కీ మ్యాక్‌కీ మాత్రమే ఉంది. నాదేమో ఉబుంటు వేసుకున్న పాత ల్యాప్‌టాప్.

నిజం చెప్పాలంటే అప్పుడు మనసు విరిగింది. ఇవన్నీ డబ్బున్నోళ్లకే, మనకెందుకులే అని మూట కట్టబోయా. నానమ్మ చూసి, "దారం ఎక్కకపోతే సూది పారేస్తామా? కొస తడిపి మళ్లీ ఎక్కిస్తాం" అంది.

మళ్లీ కూర్చున్నా. లినక్స్‌కి జీఫోటో2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2,500కు పైగా కెమెరాలు దాని జాబితాలో ఉన్నాయి. వేస్తే, కెమెరాని పట్టుకోలేకపోతున్నానంది. కారణం చిన్నది. వైరు పెట్టగానే ఉబుంటు కెమెరాని పెన్‌డ్రైవ్‌లా తెరిచేసింది. ఒకరి చేతిలో ఉన్న కెమెరా ఇంకొకరికి దొరకదు. ఫైల్స్ విండోలో ఎజెక్ట్ కొట్టి మళ్లీ ప్రయత్నించా. టక్‌మని ఫోటో తెర మీదకొచ్చింది!

నానమ్మ తెర దగ్గరికి జరిగింది. "ఈ అద్దంలో నువ్వే కనబడతన్నావ్" అని నవ్వింది. కెమెరా కొంచెం పక్కకి జరిపి మళ్లీ తీశా. ఒక ముక్క దగ్గర ఆగిపోయింది. "ఇది మా చెల్లెలు కుట్టింది. దానిది ఎడమ చేతి వాటం, కుట్టు అటు వాలుద్ది." ఆ చెల్లెలు పోయి చాలా ఏళ్లయింది. ఆమె గురించి నేను విన్న మొదటి మాట అదే.

మీరెవరైనా ఇలా చేయాలనుకుంటే, కెమెరా అడిగి తెచ్చుకునే ముందే చూసుకోండి. చాలా కెమెరాలకు పీటీపీ అనే ఉమ్మడి పద్ధతి ఒకటి ఉంది గానీ, దాని మీద ప్రతి కంపెనీ సొంత ఆదేశాలు కలుపుకుంటుంది. అందుకే ఫోటోలు కాపీ అయ్యే కెమెరా, ల్యాప్‌టాప్ నుంచి నొక్కితే తీస్తుందని నమ్మకం లేదు. జాబితాలో పేరుంటే చాలదు, మోడల్ ఎదురుగా "ఇమేజ్ క్యాప్చర్" అని ఉందో లేదో చూడాలి.

మీ దగ్గర ఏ కెమెరా ఏ ల్యాప్‌టాప్‌తో కలిసిందో ఇక్కడ రాయండి. మన జాబితా మనమే తయారుచేసుకుందాం, తర్వాతోళ్లకి ఒక రాత్రి మిగులుద్ది.

ఆ రాత్రి తొమ్మిది ముక్కలు అయ్యాయి. తెల్లారి నానమ్మ తిరువూరు బస్సెక్కింది. మిగతా మూడూ సంక్రాంతికి తండాకెళ్లి తీస్తా, ఈసారి వైరు ముందే చూసుకుని.