కంకర దారిలో నేర్చుకొన్న పాఠము

మదనపల్లె అనగానే మన సంఘములవారికి ఆరోగ్యవరం గుర్తుకు వస్తుంది. 1912లో ఆరంభమైన ఆ క్షయ చికిత్సాలయము పేరు తెలియని విశ్వాసి కుటుంబము ఈ పడమటి తాలూకాలలో అరుదు. అంతకు ముందే, 1863లో, ఆర్కాటు మిషనుకు చెందిన డాక్టర్ జేకబ్ ఛాంబర్లేన్ గారు మదనపల్లెలో పని ప్రారంభించి, చుట్టుప్రక్కల పల్లెలకు సువార్తను, మందులను కలిపి తీసికొని వెళ్లారు. ఎద్దుబండ్ల కాలమది. బండి ఇరుసు విరుగుతుందన్న భయమే గాని, రంగు పోతుందన్న దిగులు ఆనాటి ప్రయాణికులకు లేదు.

నాకు ఆ దిగులు ఉండేది. కొన్ని ఏండ్లు కూడబెట్టి మేము ఒక పాత కారు కొన్నాము. దాని రంగు మాత్రము కొత్తదానివలె మెరిసేది. కుప్పం అవతల ఒక పల్లెలో గృహకూడిక ఉంటే, నా భార్యతో ఆ కారులోనే మదనపల్లె నుండి బయలుదేరాను.

పుంగనూరు వరకు దారి సుఖముగా సాగింది. ఇరువైపుల టమాటా తోటలు. ఊరు దాటాక ఒక పుంగనూరు ఆవు దూడతో అడ్డము వచ్చింది. మూడడుగుల ఎత్తు కూడా లేని ఆ ఆవు తొందరపడలేదు. నేనే ఆగవలసి వచ్చింది. పలమనేరు, వి.కోట దాటి కుప్పం వైపు వెళ్లేకొద్దీ తెలుగుతో పాటు తమిళము, కన్నడము వినబడతాయి. గ్రానైటు రాళ్ల లారీలు కూడా ఎదురవుతాయి. అక్కడ తారురోడ్డు దిగి, కంకర పరచిన పల్లెదారి పట్టాము.

అప్పటికే ఆలస్యమైంది. ముందు ఒక టిప్పరు పోతున్నది. దానిని దాటాలని వెనుకనే దగ్గరగా పోనిచ్చాను. దాని చక్రముల నుండి రాళ్లు లేచి టపటపమని మా కారు మీద పడ్డాయి. బానెట్ మీద మూడు చోట్ల రంగు ఎగిరిపోయింది. కోపముతో హారను కొట్టి, వేగము పెంచి టిప్పరును దాటేశాను.

రెండు నిమిషములు గడవకముందే నా భార్య, "ఆపండి! ఆ అమ్మ కూలబడింది" అని కేక వేసింది. గడ్డిమోపుతో దారి ప్రక్కన నడుస్తున్న ఒక పెద్దావిడ కాలికి మా చక్రము విసిరిన రాయి తగిలింది. మోకాలి క్రింద రక్తము కారుతున్నది. నీళ్లతో కడిగి గుడ్డ కట్టాము. క్షమించమని అడిగితే ఆమె, "రోజూ ఇంతే నాయనా. బండి వస్తే అటు తిరిగి నిలబడతాము. ఈ పొద్దు మోపు బరువుతో తిరగలేకపోయినాను" అన్నది. నాకు మాట రాలేదు. ఆమెను ఇంటి దగ్గర దించి, మందు ఖర్చుకు కొంత ఇచ్చి, కూడికకు ఇంకా ఆలస్యముగా చేరాము.

మరునాడు కుప్పంలో ఒక టింకరింగ్ షాపులో కారు చూపించాను. ఆ తమ్ముడు చెప్పిన సంగతులు మన పల్లెలలో కారు, జీపు ఉన్నవారికి పనికివస్తాయి.

కారు పెయింటు పొరలన్నీ కలిసినా మందము మిల్లీమీటరులో పదవ వంతే. వేగము సగానికి తగ్గితే దెబ్బ బలము నాలుగవ వంతుకు తగ్గుతుంది. కాబట్టి మొదటి రక్షణ వేగము తగ్గించడమే. రెండవది, ముందు బండికి దూరముగా ఉండడము. దుమ్ము అణగేంత ఎడమ చాలు. మూడవది, నాలుగు చక్రములకు మడ్‌ఫ్లాపులు. అవి మన తలుపుల క్రింది అంచును, వెనుక వచ్చేవారిని కూడా కాపాడతాయి. టైరు గాళ్లలో ఇరుక్కొన్న రాళ్లను తారురోడ్డు ఎక్కేముందు తీసివేయాలి. వాక్సు మెరుపునిస్తుంది గాని రాయిని ఆపదు. స్తోమత ఉన్నవారు బానెట్‌కు పారదర్శకమైన ఫిల్ము అంటించుకొనవచ్చును.

రంగు లేచిపోతే ఆలస్యము చేయకూడదు. వాన తడి తగిలితే ఇనుము తుప్పుపట్టి, ఆ తుప్పు మంచి పెయింటు క్రిందికి ప్రాకుతుంది. ఆ చోటు కడిగి, బాగా ఆరనిచ్చి, తుప్పు ఉంటే సన్నని ఉప్పుకాగితముతో రుద్ది, ప్రైమరు పూయాలి. అది ఆరిన తరువాత కారు రంగు నంబరుకు సరిపోయే టచప్ పెయింటును చిన్న కుంచెతో పలుచగా రెండు మూడు సార్లు అద్ది, పైన లక్క వేయాలి. ప్లాస్టిక్ బంపరుకు తుప్పు భయము లేదు. అద్దము మీద చిన్న బీట కనబడితే అది సాగకముందే పూడ్పించాలి.

తిరుగు ప్రయాణములో అదే దారిలో ముప్పై కిలోమీటర్ల వేగము దాటలేదు. పది కిలోమీటర్ల కంకర దారికి అరవైలో పోతే పది నిమిషములు, ముప్పైలో పోతే ఇరవై. ఆ పది నిమిషముల కొరకే నేను ఒక తల్లి కాలికి గాయము చేశాను. దారిలో ఆమె ఇంటి దగ్గర ఆగాము. కట్టు మార్చుకొని, గడపలో కూర్చొని ఉన్నది. మమ్ములను చూచి మజ్జిగ ఇచ్చింది.

ప్రియ చదువరులారా, యెషయా ప్రవక్త 62వ అధ్యాయములో జనుల కొరకు దారిలోని రాళ్లను ఏరివేయు పనిని గూర్చి వ్రాశాడు. దారిలోని రాళ్లన్నీ ఏరడము మన వల్ల కాదు. మన చక్రము రాళ్లు విసరకుండా చూచుకొనడము మన చేతిలో ఉన్నది. టిప్పరు డ్రైవరు మీద నాకు వచ్చిన కోపము ఆ తల్లికి నా మీద రాలేదు. బానెట్ మీది మచ్చలను పూడ్పించాను. దగ్గరగా చూస్తే అవి ఇప్పటికీ కనబడతాయి. కంకర దారి వచ్చినప్పుడల్లా వాటిని చూచి కాలు యాక్సిలరేటరు మీద నుండి తీస్తాను.