మాటను వెదకుచు దివిసీమకు

మాఘపూర్ణిమ దాటిన రెండవనాడు నేను మా అక్కయ్యతోను బావగారితోను గుడివాడనుండి బందరుమీదుగా దివిసీమకు ప్రయాణమైతిని. సోదరీమణులారా! ఇది తీర్థయాత్ర కాదు. నాగాయలంక చెంతనున్న బావగారి స్వగ్రామములో పిత్రార్జితమైన పొలమునుగూర్చి మాటలాడవలసియుండెను. మాటలాడవలసినవారు బావగారు. ఆయనకే మాట లేదు.

ఏడాది క్రిందట పక్షవాతము వచ్చి ఆయన కుడికాలు, కుడిచేయి చచ్చుపడినవి. కాలు కొంత కోలుకొన్నది గాని మాట రాలేదు. మంచినీళ్లు కావలెనా యన్నను “సరే సరే,” వద్దా యన్నను “సరే సరే.” బంధువులు మతి పోయినదనుకొనిరి. అక్కయ్య మరది ఫోనులో “పొలం అమ్మేద్దామా అన్నయ్యా?” అని యడుగగా ఇదే జవాబు వచ్చెను. అతడు దానిని సమ్మతిగా తలచి కాగితములు సిద్ధపరచెను. అక్కయ్యకు మాత్రము నమ్మకము కుదరలేదు.

ముప్పదియేండ్లు బావగారు ఈ రైలులోనే బందరు పోయి పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి వచ్చుచుండిరి. బండి కదలగానే అక్కయ్య కిటికీవంక చూపి “గుడ్లవల్లేరు” అనెను. వెంటనే బావగారు “కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి, బందరు” అని తడబడకుండ చెప్పిరి!

“మాట వచ్చిందే అక్కయ్యా!” అంటిని.

“రాలేదే. ఇది వరస. పెడన ఒక్కటీ చెప్పమంటే చెప్పలేరు” అని అక్కయ్య నిదానముగా ననెను.

ఆమె విజయవాడలో వాక్చికిత్స చేయు నొక యువతివద్ద నేర్చిన సంగతులను దారిపొడుగున నాకు చెప్పెను. చాలమందికి భాషాస్థానము మెదడులో ఎడమవైపున నుండును. కుడిచేతిని నడపునదియు ఆ వైపే. కనుకనే ఆ రెండును తరచుగా కలిసి చెడును. 1861లో పారిసునందు పాల్ బ్రోకా యను వైద్యుడు, “టాన్” అను శబ్దము తప్ప దాదాపుగా నేమియు పలుకలేకుండిన యొక రోగి మరణించిన పిమ్మట, అతని మెదడున ఎడమవైపు ముందుభాగము చెడియుండుట కనిపెట్టెను. ఈ వైకల్యమునకు అఫేసియా యని పేరు. పక్షవాతము వచ్చినవారిలో ఇంచుమించు మూడవవంతుమందికి ఇది కలుగును. కొందరికి ఇతరుల మాట బోధపడుటయు కష్టమగును. అంతమాత్రమున తెలివి పోయినట్లు కాదు. వాడుకచే స్థిరపడిన అంకెలు, వారముల పేర్లు, పాటలు మాత్రము పెక్కుమందికి నిలిచియుండును. ఆ నిలిచినదానిని పట్టుకొని పోయినదానిని వెదకుటయే వాక్చికిత్స. మాటను రాగముగా పలికించి సాధనచేయించు పద్ధతిని 1973లో అమెరికాలోని బోస్టను పండితులు ప్రకటించిరి. మనదేశమున ఈ విద్య నేర్పుటకు మైసూరులో 1965లో ఒక జాతీయసంస్థ వెలసెను.

పెడనలో అద్దకపుబట్టల మూటతో ఒక స్త్రీ ఎక్కెను. అక్కయ్య ఆమె ననుమతి యడిగి ఒక దుప్పటి అంచు బావగారి యెడమచేతి కందించి, “ఇది కల...” అని యాగెను. నేను చెప్పబోగా కనుసన్నతో వారించెను. చాలసేపటికి “కలం... కలంకారీ” అని బావగారు పలికిరి.

బందరులో దిగి కోనేరుసెంటరునకు పోయి లడ్డు కొనుచుండగా బావగారి పూర్వశిష్యుడొకడు ఎదురై నమస్కరించెను. సంగతి విని “రెండు భాషలు వచ్చిన మాష్టారికి ఇలా జరగడమేమిటమ్మా!” అని చింతించెను. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 608 మంది పక్షవాతరోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితములనుబట్టి, రెండు భాషలు తెలిసినవారికి జ్ఞాపకము మున్నగు బుద్ధిశక్తులు మెరుగుగా నిలిచినవి గాని, మాట పోవుట యిరుతెగలలోను ఇంచుమించు సమానమే. ఆ శిష్యుడు బావగారికి చెవుడు వచ్చినట్లు బిగ్గరగా పలుకరించుచుండగా అక్కయ్య “మెల్లగా చెప్పు నాయనా, వినిపిస్తుంది” అనెను.

బస్సు మోపిదేవి దాటి, కృష్ణపాయమీది వారధి నెక్కి అవనిగడ్డ చేరెను. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన పదివేలమందికి పైగా పొట్టబెట్టుకొన్న సీమ యిది. నేడు ఇరుప్రక్కల పచ్చని చేలు. బావగారు కన్నార్పక చూచుచుండిరి.

ఇంటికి చేరినపిదప మరది కాగితములు తెచ్చెను. అక్కయ్య రెండు అట్టముక్కలమీద “అవును,” “కాదు” అని పెద్దయక్షరములతో వ్రాసి బావగారి ముందుంచెను. మొదట తెలిసిన ప్రశ్నలే. “ఇది బందరా?” “కాదు” మీద చేయి పడెను. “ఇతను మీ తమ్ముడేనా?” “అవును.” నాలుగైదు ప్రశ్నలకు పొరపాటు లేదని చూచుకొని, “పొలం అమ్మమంటారా?” అని యడిగెను. నోరు “సరే సరే” అనెను. చేయి “కాదు” మీద నిలిచెను. కొంతసేపాగి “పొలం ఉంచమంటారా?” అని తిరుగవేసి యడిగెను. చేయి “అవును” మీదికి పోయెను. మరది తలవంచుకొని కాగితములు మడిచి, “నాకు తెలియలేదు వదినా” అనెను. అతని గొంతు పూడుకొనిపోయెను.

మరునాడు కోడూరుమీదుగా హంసలదీవి పోయితిమి. వేణుగోపాలస్వామిని దర్శించి సాగరసంగమమున నిలిచితిమి. “కృష్ణమ్మ ఎందులో కలుస్తుందండీ?” అని అక్కయ్య యడిగి యూరకుండెను. నేను మనస్సులో ఇరువదివరకు లెక్కించియుందును. “సము... సముద్రం” అని వచ్చెను.

సోదరీమణులారా! ఇంటిలో ఎవరికైనను మూతి వంకరపోయినను, ఒకచేయి జారిపోయినను, మాట తడబడినను, గడియారము చూచుకొని వెంటనే పెద్దాసుపత్రికి కొనిపొండు. రక్తపుగడ్డవలన కలిగినదైనచో దానిని కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల నీయవలెను. పిదప మాట పోయినచో వాక్చికిత్సకుల నాశ్రయింపుడు. మొదటి నెలలలో మేలు త్వరగా కనబడును. ఏండ్లు గడచినను సాధన వ్యర్థము కాదు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ శాశ్వతవైకల్యమును గూడ గుర్తించినది. ఇంటిలో మనము చేయదగినది వేరు. ఒకమారు ఒక ప్రశ్నయే యడుగుడు. జవాబును వారి నోటనుండి లాగికొనకుడు. వారి యెదుటనే వారినిగూర్చి లేనివారివలె మాటలాడకుడు. మా అక్కయ్య చేసినదంతయు నింతే. పొలము నిలిచినది. ఈ సాలు బావగారే గట్టుమీద కూర్చుండి కోతలు చూచెదరని ఆమె వ్రాసినది.