మా ఇంటి వైఫై, ఉగ్రవాదం, ఒక అబద్ధం

నాకు గాడ్జెట్ల పిచ్చి. చిన్నప్పుడు రేడియో విప్పి మళ్ళీ బిగించలేక నాన్న చేత తిట్లు తిన్న బాపతు. ఇప్పుడు సంపాదిస్తున్నా కాబట్టి తిట్లు కొంచెం తగ్గాయి, అంతే :-) మొన్నామధ్య కూర్చుని లెక్కేస్తే సరూర్‌నగర్‌లోని మా ఇంట్లో నెట్‌కి తగిలించిన వస్తువులు పదిహేడు తేలాయి. ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీ సరే. హాల్లో బల్బులు, గీజర్‌కి ఒక స్మార్ట్ ప్లగ్, కాలింగ్ బెల్, గేటు దగ్గర, మెట్ల దగ్గర, డాబా మీద కెమెరాలు, వాటికో డీవీఆర్ డబ్బా. "గీజర్ వేసుకోవడానికి కూడా ఫోన్ వెతుక్కోవాల్నారా?" అని అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది. ఆవిడ స్విచ్ దగ్గరికి వెళ్ళి చేత్తోనే వేసుకుంటుంది. బహుశా మా ఇంట్లో అత్యంత సురక్షితమైన యూజర్ ఆవిడే.

సరే, అసలు విషయానికొస్తా.

మా పై పోర్షన్‌లో ఒకబ్బాయి అద్దెకి ఉంటాడు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చాడు, ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. ముస్లిం. ఇది ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. అద్దెతో పాటు మా వైఫై కూడా వాడుకోమని పాస్‌వర్డ్ నేనే ఇచ్చా. నెలకి రెండొందలు ఇస్తానంటే వద్దన్నా కూడా. మనం కూడా ఒకప్పుడు పక్క రూమ్ వాళ్ళ వైఫై మీద బతికినవాళ్ళమే కదా.

పోయినేడాది ఒక రోజు పొద్దున్నే నాన్న ఫోన్‌కి మా ఇంటర్నెట్ కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. మీ కనెక్షన్ నుంచి ఇతర నెట్‌వర్కుల మీదికి అనుమానాస్పద ట్రాఫిక్ వెళ్తోంది, సరిచేసుకోకపోతే కనెక్షన్ ఆపేస్తాం అని. వివరాలు నా మెయిల్‌కి పంపామని చివర్లో ఉంది. నాన్న ఆ చివరి లైను దాకా వెళ్ళలేదు. "అనుమానాస్పద" దగ్గరే ఆగిపోయారు. కనెక్షన్ ఆయన పేరు మీదుంది మరి.

"మనింట్ల ఎవరు చేస్తరురా ఇసొంటి పనులు?" అన్నారు. నేను ఏదో చెప్పబోయేలోపే గొంతు తగ్గించి, "పైనోడి పేరు చూసినవ్ కదా. ఎందుకొచ్చిన లొల్లి, వానికి బంద్ చెయ్" అన్నారు.

నాన్నని అప్పుడే తప్పు పట్టకండి. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. 2013 ఫిబ్రవరి 21న సాయంత్రం డ్యూటీ దిగి దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నారు. ఏడు గంటల ప్రాంతంలో 107 బస్టాపు దగ్గర ఒకటి, కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల వైపు ఒకటి, సైకిళ్ళకి పెట్టిన రెండు బాంబులు పేలాయి. 18 మంది పోయారు, వంద మందికి పైగా దెబ్బలు తగిలాయి. అప్పుడు నేను ఇంటర్ ఫస్టియర్. టీవీలో స్క్రోలింగ్ చూస్తూ నాన్న నెంబరుకి కొడుతూనే ఉన్నా. నెట్‌వర్క్ బిజీ. మళ్ళీ బిజీ. అమ్మ గేటు పట్టుకుని నిలబడిపోయింది. గంటన్నర తర్వాత నాన్న నడుచుకుంటూ వచ్చారు, చొక్కా మీద ఎవరిదో రక్తం. ఎవర్నో ఆటోలోకి ఎక్కించారట. అంతకు మించి ఆ రోజు గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ తర్వాత చాలాకాలం 107 బస్టాపు దగ్గర ఎక్కలేదు కూడా.

కాబట్టి ఆయన భయం నాకర్థమవుతుంది. నా సంగతే నాకర్థం కాలేదు.

ఎందుకంటే నాన్న ఆ మాట అనగానే నాకు గుర్తొచ్చింది 2008. జులై 26న అహ్మదాబాద్‌లో వరస పేలుళ్ళు జరిగాయి, 50 మందికి పైగా చనిపోయారు. పేలుళ్ళకి కొద్ది నిమిషాల ముందు టీవీ చానెళ్ళకి ఇండియన్ ముజాహిదీన్ పేరుతో ఒక మెయిల్ వెళ్ళింది. పోలీసులు ఐపీ అడ్రస్ పట్టుకుని వెళితే అది నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటికి చేరింది. ఆయన కంప్యూటర్లు పట్టుకెళ్ళారు, విచారించారు. చివరికి తేలిందేమిటయ్యా అంటే ఆయన వైఫైకి సరైన తాళం లేదు, ఎవరో దాన్ని వాడుకుని మెయిల్ కొట్టి వెళ్ళిపోయారు. అదే ఏడాది ఆగస్టులో ముంబైలోని ఒక కాలేజీ వైఫై నుంచి, సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్ళప్పుడు చెంబూరులోని ఒక ఆఫీసు వైఫై నుంచి ఇలాంటి మెయిళ్ళే వెళ్ళాయి. 2009 జనవరికల్లా ముంబై పోలీసులు తాళం లేని వైఫైలు వెతుక్కుంటూ వీధుల్లో తిరిగే పరిస్థితి వచ్చింది.

ఈ కథ మన ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు చాలామందికి తెలుసు. ఐపీ అడ్రస్ అనేది మనిషి కాదు, గుమ్మం మాత్రమే అని దాంట్లోంచి నేర్చుకోవాలి. నేను మాత్రం "గుమ్మం మనది, లోపలున్నవాడు ఎవడు?" అని ఆలోచించా. ఇంజనీరింగ్ చదివి, రోజూ లాగ్‌లు చూసి బతికేవాణ్ణి, మెయిల్ తెరిచి చదవకుండా వైఫై పాస్‌వర్డ్ మార్చేశా. రెండు నిమిషాల పని. నాన్న టీ తాగడం మొదలుపెట్టారు.

పది గంటలకి పై అబ్బాయి కిందికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కింద నైట్ ప్యాంటు. చూడగానే తెలిసిపోతుంది, వీడియో ఇంటర్వ్యూ.

"అన్నా, వైఫై కనెక్ట్ అయితలేదు."

"నెట్ డౌన్ ఉంది, కంప్లైంట్ ఇచ్చా" అన్నా.

ఒక్క క్షణం నా వంక చూసి "సరే అన్నా" అని పైకెళ్ళాడు. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇంటర్వ్యూ ఇచ్చుకున్నాడు. మా పై పోర్షన్‌లో సిగ్నల్ సంగతి నాకు తెలుసు, ఒక గీత, అదీ కిటికీ దగ్గర నిలబడితే. డాబా రేకుల కిందికొచ్చి "హలో సర్, యామ్ ఐ ఆడిబుల్?" అని నాలుగైదు సార్లు అనడం కింద నా గదిలోకి వినపడింది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా.

మధ్యాహ్నం భోజనం చేశాక మెయిల్ తెరిచా. నిజం చెప్పాలంటే "సాక్ష్యం" చూద్దామని తెరిచా. రాత్రి ఒంటి గంట నుంచి మా ఐపీ నుంచి లోకంలోని ఎక్కడెక్కడి అడ్రసులకో వేల కొద్దీ కనెక్షన్లు, అన్నీ 23, 2323 పోర్టుల మీదికే. ఆ నెంబర్లు చూడగానే కుర్చీలో ముడుచుకుపోయా. 23 అంటే టెల్నెట్. ఈ రోజుల్లో మనుషులెవరూ టెల్నెట్‌తో కుట్రలు చెయ్యరు. అది కెమెరాల జబ్బు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2016లో మిరాయ్ అని ఒక మాల్‌వేర్ వచ్చింది. అది చేసే పని చాలా చిన్నది. నెట్‌లో కనబడిన ప్రతి కెమెరా, డీవీఆర్, రౌటర్ తలుపు తట్టి, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు ఒక 60 పైచిలుకు వరసగా ప్రయత్నిస్తుంది. అడ్మిన్ అడ్మిన్, రూట్ 12345, ఇలాంటివన్న మాట. తెరుచుకుంటే లోపల కూర్చుని, ఆ కెమెరా చేతనే ఇంకో వెయ్యి తలుపులు తట్టిస్తుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న ఇలా పోగైన సైన్యం అమెరికాలో డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. ఇంతా చేసి మిరాయ్ రాసింది ఏ ఉగ్రవాదులో కాదు, ముగ్గురు కుర్రాళ్ళు, మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల మధ్య పోటీలో పైచెయ్యి కోసం. దాని కోడ్ బయటపెట్టేశారు కాబట్టి దాని పిల్లలూ మనవళ్ళూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఒక్కొక్క వస్తువు కేబుల్ పీకుతూ చూశా. డీవీఆర్ పీకగానే అంతా నిశ్శబ్దం. దొంగల భయానికి నేనే కొన్న డబ్బా! ఎక్కడినుంచైనా ఫోన్‌లో చూసుకోవాలంటే స్టాటిక్ ఐపీ కావాలని బిగించినతను అంటే సరేనన్నా. రౌటర్‌లో పోర్టులు అతనే తెరిచాడు. పాస్‌వర్డ్ తర్వాత మారుద్దాంలే అనుకున్నా. ఆ "తర్వాత" మూడేళ్ళు గడిచింది. అప్‌డేట్ కోసం వెతికితే ఆ మోడల్‌ని కంపెనీ ఎప్పుడో వదిలేసింది.

అంటే ఇల్లు కాపలా కాయమని పెట్టినది రాత్రంతా ఊరి మీద పడి తిరిగింది. నేనేమో చేతికి అందిన మనిషి ఇంటర్నెట్ కట్ చేసి కూర్చున్నా.

సాయంత్రం పైకెళ్ళా. అతను టీ పెట్టుకుంటున్నాడు, నాక్కూడా ఒక గ్లాసు పోశాడు. ఉన్నదున్నట్టు చెప్పా. నాన్న అన్న మాట మాత్రం చెప్పలేదు, ఆ భాగం నా మీదే వేసుకున్నా. అది పూర్తి అబద్ధమేమీ కాదు.

అతను అన్నాడు, "తెలుసన్నా. నెట్ డౌన్ అయితే వైఫై కనెక్ట్ అయ్యి ఇంటర్నెట్ లేదని వస్తది. నాకు పాస్‌వర్డ్ తప్పు అని వచ్చింది."

ఎనిమిదేళ్ళుగా ఈ ఫీల్డ్‌లో ఉన్నా, ఇంటర్నెట్ లేదని అబద్ధం చెప్పడం కూడా రాలేదు నాకు. నవ్వొచ్చే సంగతే కానీ అప్పుడు నవ్వు రాలేదు. ఇంటర్వ్యూ ఏమైందని అడిగా. రెండుసార్లు కట్ అయింది, చూడాలి అన్నాడు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ నెట్ వల్లేనా అంటే ఎవరూ చెప్పలేరు, అదే నన్ను ఎక్కువ గుచ్చుతోంది.

దీన్ని గురించి తర్వాత చాలా ఆలోచించా. నేను ఆ రోజు పొద్దున చేసింది మన ప్రభుత్వాలు పెద్ద ఎత్తున చేసే పనే. 2019 ఆగస్టులో జమ్మూ కాశ్మీర్‌లో నెట్ ఆపేశారు. 2020 జనవరిలో కొంత 2జీ ఇచ్చారు, అంతటా 4జీ తిరిగొచ్చేసరికి 2021 ఫిబ్రవరి. ఈలోగా కరోనా వచ్చి దేశమంతా ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి నుంచి పని. అక్కడి పిల్లలు 2జీ మీద పాఠాలు, మా పై అబ్బాయి హాట్‌స్పాట్ మీద ఇంటర్వ్యూ లాగా. నిరవధికంగా నెట్ ఆపడం కుదరదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. అయినా అలవాటు పోలేదు, 2021లో రాజస్థాన్‌లో టీచర్ల అర్హత పరీక్షలో కాపీ జరక్కుండా నెట్ ఆపారు.

"బాంబులు పేలుతుంటే నీకు నెట్ కావాలా?" అని అడుగుతారేమో. అడగొచ్చు. ఉగ్రవాదులు టెక్నాలజీ వాడరని నేననను. 26/11లో వచ్చినవాళ్ళ దగ్గర జీపీఎస్, శాటిలైట్ ఫోన్ ఉన్నాయి. వాళ్ళని నడిపించినవాళ్ళు ఇంటర్నెట్ కాల్స్‌లో మాట్లాడుతూ, మన టీవీ చానెళ్ళే చూస్తూ సూచనలిచ్చారు. ఒక గంటో, ఒక వీధిలోనో ఆపాల్సిన అవసరం వస్తుందేమో, ఒప్పుకుంటా. కానీ 2013లో ఆ గంటన్నర నేను కోరుకున్నది ఒకే ఒక్కటి, ఫోన్ కలవడం. భయం వేసిన రోజునే మామూలు మనుషులకి నెట్‌వర్క్ ఎక్కువ అవసరం. ఆ దిల్‌సుఖ్‌నగర్ కేసులో 2016లో శిక్షలు పడ్డాయంటే మనుషుల్ని పేరుపేరునా వెతికి, సాక్ష్యాలు కూర్చి పట్టుకున్నారు కాబట్టి. మా వీధిలో నెట్ కట్ చేసి కాదు.

అసలు తాళం వెయ్యాల్సిన చోట మాత్రం మనకి బద్ధకం. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఊహించడానికి తేలికైన ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో గాడ్జెట్లు అమ్మడం చట్టవిరుద్ధం. మన దేశంలో కూడా సీసీటీవీలకి భద్రతా పరీక్షల నిబంధనలు 2024లో తెచ్చారు. మంచిదే. కానీ ఇప్పటికే గోడలకి తగిలించేసిన పాతవాటి సంగతి? అవి మీవీ, నావీ.

అందుకని ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి (వైఫైది కాదు, లోపలిది). యూపీఎన్‌పీ ఆపండి. తెరిచి ఉన్న పోర్టులు చూడండి, ఎందుకో తెలియనివి మూసెయ్యండి. కెమెరాలు, బల్బులు గెస్ట్ నెట్‌వర్క్‌లోకి తోసెయ్యండి. అప్‌డేట్లు రాని డబ్బా ఎంత బాగా పనిచేస్తున్నా సరే పీకి పారెయ్యండి. మీ ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో మీరే బిగించి వచ్చిన కెమెరా ఉంటుంది చూడండి, అది ముందు.

మా ఇంట్లో కొత్త డీవీఆర్ వచ్చింది. నాన్నకి మొత్తం చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పాత డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "గింత చిన్నదా?" అన్నారు. మర్నాడు కొత్త పాస్‌వర్డ్ చీటీ మీద రాయించుకుని ఆయనే పైకెళ్ళి ఇచ్చొచ్చారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేనూ అడగలేదు. కిందికొచ్చేసరికి మాత్రం టీ తాగొచ్చారని అమ్మ కనిపెట్టేసింది. షుగరు మనిషికి చక్కెర టీ ఎందుకని ఇద్దరికీ కలిపి తిట్లు :-)