బారేజీ మీద నీలిదీపం

వుండవల్లి గుహలు చూసి బయటికి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. కొండను తొలిచి నాలుగంతస్తులుగా మలిచిన ఆ గుహల్లో శేషశయనుడి ముందు మా ఆవిడ చాలాసేపు కదల్లేదు. "వెలుతురు లేని చోటు చూసుకుని ఎంత హాయిగా పడుకున్నాడండీ!" అన్నది. ఆవిడకు కుడికంట్లో శుక్లం మొదలైంది. రాత్రిపూట బండి దీపాలంటే భయం. చీకటి పడకముందే ఇల్లు చేరదామనుకున్నవాళ్లం, సీతానగరంలో మొక్కజొన్న పొత్తుల దగ్గర ఆగి ఆలస్యం చేసుకున్నాం. తప్పు నాదే.

ప్రకాశం బారేజీ ఎక్కితే ఎవరికైనా మనసు తేలికవుతుంది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952 వరదకు దెబ్బతింటే, దానికి బదులు కట్టిన ఈ బారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది. పొడవు 1223 మీటర్లు, అంటే ముప్పావు మైలు. బెజవాడ వైపు పోతుంటే ఎడమచేతి పక్క నిండునీళ్లు, కుడిచేతి పక్క ఇసుకతిన్నెలు, ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి దీపాలు. గాలికోసం పిల్లాపాపలతో వచ్చి నిలబడే సంసారాలు సరేసరి. ఇదంతా చూడాలనే మా మేనల్లుణ్ణి కారు ఈ దారిన పోనిమ్మన్నాను.

చూడనిస్తేగా! వీధిదీపాలు వరసగా వెలుగుతూనే వున్నాయి. అయినా ఎదురొచ్చే ప్రతి బండీ లైటు పైకెత్తుకునే వస్తున్నది. మా ఆవిడ కొంగు కళ్లకడ్డం పెట్టుకున్నది. గుడీ లేదు, నీళ్లూ లేవు, తెల్లటి మంట తప్ప. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు కార్లు, నాలుగు మోటారు సైకిళ్లు, ఒక పాలవ్యాను. ఒక్కొక్కరికీ ఒక్కొక్క బిరుదు ఇస్తూ వచ్చాను.

దీనికి నిబంధన లేకపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, లైటుకు 8 మీటర్ల దూరాన, అరమీటరు కుడికి, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున వున్న మనిషి కంటికి మిరుమిట్లు గొలపకుండా వెలుగు కిందికి వంగి వుండాలి. లేదా నడిపేవాడు వంచగలిగేటట్టన్నా వుండాలి. ఒకటిన్నర మీటరంటే ఇంచుమించు మా ఆవిడ కన్ను వుండే ఎత్తు. మా చిన్నతనంలో బస్సుల లైట్లకు పైసగం నల్లరంగు పూసేవారు. చూడ్డానికి దిష్టిబొట్టులా వుండేది గాని, ఎదుటివాడి కంటికి అదొక మర్యాద.

కంట్లో పడిన వెలుగు చెదిరి తెల్లటి తెరలా కమ్ముతుంది. శుక్లం వున్న కంట్లో మరీను. రెండు బండ్ల లైట్లు ఎదురుబొదురుగా నిలిచినప్పుడు మధ్యనున్న మనిషి ఆ తెరలో కలిసిపోతాడు. ఇది మేము కళ్లారా చూశాం అనడానికి లేదు; చూడకపోవడమే అక్కడ జరిగింది.

మావాడు ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. కారుకు బారెడు దూరంలో ఒకతను, భుజాన నిద్రపోతున్న పిల్ల, రెండో చెయ్యి కళ్లకడ్డం. నీళ్లవైపు నుంచి ఇసుకవైపు దాటబోతూ నడిరోడ్డున నిలిచిపోయాడు.

తిట్టలేదు. కిటికీ దగ్గరికి వచ్చి, "లైటు దించండి బాబూ. ముందుకో వెనక్కో తెలియక ఆగిపోయాను" అన్నాడు.

"మాది కాదండీ, ఎదుటివాళ్లది" అన్నాడు మావాడు. నేనూ తలూపాను.

అతను మాట్లాడకుండా మా ముందున్న ఆటోకేసి చెయ్యి చూపించాడు. దాని వీపు పట్టపగల్లా వెలుగుతున్నది. ఆటో అతను తన అద్దాన్ని పక్కకు తిప్పేసుకుని వున్నాడు.

వెనకసీటులో మా ఆవిడ కొంగు తీసి, "ఒరే, స్టీరింగు ముందు ఆ నీలిదీపం ఏమిట్రా?" అన్నది.

"కారు కొన్ననాటి నుంచీ వెలుగుతూనే వుంది అత్తయ్యా. ఏసీదనుకున్నాను."

లైటు పైకెత్తి వున్నదని నడిపేవాడికి చెప్పే గుర్తు అది. మావాడు స్టీరింగు పక్కనున్న పుల్ల లాగాడు. నీలిదీపం ఆరింది, రోడ్డు మీది వెలుగు కిందికి దిగింది. అతని ముఖం అప్పుడు కనిపించింది. పాతికేళ్లు కూడా వుండవు. పిల్ల లేవనేలేదు.

ఏడు కార్ల లెక్కలో ఎనిమిదోది మాదేనని నేను పైకి అనలేదు.

తరువాత నెమ్మదిగా పోయాం. మా లైటు దిగి వుండడం చూసి ఎదురొచ్చే ఒక మోటారు సైకిలూ, ఒక కారూ తమవి దించాయి. ఒక పెద్ద కారు దించలేదు. అది దాటిపోయాక మా ఆవిడ కొండవైపు చూసి దణ్ణం పెట్టుకున్నది.