ఇంట్లో ఎలా పిలుస్తారు?

ఇరవై మంది పిల్లలు. వాళ్లలో పదమూడు మందివి అరబ్బు పేర్లు. రెండో తరగతి చదివే కొడుకు పుట్టినరోజుకి పిలుపు చీటీలు రాయడానికి కూర్చున్న ఆ తెలుగు తల్లికి రాయడం కష్టమనిపించలేదు. బడివాళ్లు ఇచ్చిన జాబితా చూసి ఇంగ్లిషులో గబగబా రాసేసింది. కష్టమల్లా మర్నాడు బడి గేటు దగ్గర మొదలైంది.

'మీ కాలిద్‌ని తప్పకుండా పంపించండి' అంది, ఎదురొచ్చిన ఓ యెమెన్ ఆవిడతో. ఆమె నవ్వి తలూపింది. కొడుకు మాత్రం అమ్మ చెయ్యి పట్టి లాగాడు.

'కాలిద్ కాదమ్మా...' అంటూ తను పలికి చూపించాడు. ఆ మొదటి అక్షరం వాడి గొంతులో ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మకి అంతుపట్టలేదు!

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, డియర్‌బోర్న్ పట్టణంలో కాపురం పెట్టిన కుటుంబాలకి ఇలాంటి పాఠాలు మామూలే.

కార్లు కట్టిన ఊరు

డెట్రాయిట్‌ని ఆనుకుని ఉంటుంది డియర్‌బోర్న్. జనాభా దాదాపు లక్షా పదివేలు. కార్ల రారాజు హెన్రీ ఫోర్డ్ 1863లో పుట్టింది ఈ ప్రాంతంలోనే. 1914లో రోజుకి 5 డాలర్ల వేతనం అని ఆయన ప్రకటించేసరికి ఎక్కడెక్కడి జనమో డెట్రాయిట్ దారి పట్టారు. 1917లో రూజ్ నది ఒడ్డున ఇంకో పెద్ద కర్మాగారం కట్టడం మొదలైంది. దాని చుట్టూ ఇళ్లు కట్టుకున్నవారిలో లెబనాన్, సిరియా ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లున్నారు. తర్వాత యెమెన్ కార్మికులు వచ్చారు. 1975లో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఇంకొందరు, 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత ఇరాకీలు... ఇలా వలస మీద వలస. ఇప్పుడు ఊళ్లో సగానికి పైగా పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మూలాలున్నవాళ్లేనని 2020 జనాభా లెక్కలు చెబుతున్నాయి.

వారెన్ అవెన్యూలో నడిస్తే ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. దుకాణాల బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి. రొట్టెల బట్టీల నుంచి నువ్వులు, ఎండబెట్టిన ఆకుల పొడి వేసి కాల్చిన మనాఖీష్ వాసన వస్తుంటుంది. మిఠాయి కొట్లలో బక్లావా, కునాఫా పళ్లేల కొద్దీ పేర్చి ఉంటాయి. అరబ్బు అమెరికన్ల చరిత్ర చెప్పే జాతీయ మ్యూజియం 2005లో ఇక్కడే తెరిచారు. ఈద్‌కి బడులకి సెలవు. 2022 జనవరిలో ఊరికి మొదటి అరబ్ అమెరికన్ మేయర్ వచ్చారు. పేరు అబ్దుల్లా హమ్మూద్.

ఆ 'హమ్మూద్'ని తెలుగువాళ్లు ఇట్టే అనేస్తారు. 'మ' ఒత్తు, ఆ తర్వాత దీర్ఘం... మనకి లెక్కే కాదు. ఇంగ్లిషు ఒక్కటే వచ్చినవాళ్లకి మాత్రం ఆ ఒత్తు పట్టుబడదు.

మనకొచ్చినవి... రానివి

నిజానికి తెలుగు నోటికి అరబ్బు పేర్లు సగం వచ్చినట్టే. హసన్ వేరు, హస్సాన్ వేరు. రెండూ వేర్వేరు పేర్లు. ఇంగ్లిషులో రెండింటినీ ఒకేలా రాసేవాళ్లున్నారు. 'అమ్మ', 'అక్క' అంటూ మాటలు నేర్చిన మనకి ఆ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు.

చిక్కంతా మిగతా సగంతోనే. అరబీ అక్షరాలు 28. వాటిలో కొన్ని మన వర్ణమాలలో లేని చోట పుడతాయి. ఖాలిద్‌లో మొదటి అక్షరం మన 'ఖ' కాదు. చేపముల్లు గొంతులో గుచ్చుకుంటే బయటికి లాగడానికి చేసే చప్పుడులాంటిది. అహ్మద్‌లోని 'హ' మన 'హ' కంటే లోతైనది. గుంటూరు మిరపకాయ కొరికినప్పుడు గొంతులోంచి వేడిగా వస్తుంది చూడండి, 'హా' అని... అదీ! గస్సాన్‌లో మొదటి అక్షరం ఉప్పునీళ్లు గొంతులో పోసుకుని గరగరలాడించినట్టుంటుంది. ఖాసిం అని మనం రాసే పేరులో మొదటిది కొండనాలుక దగ్గర పుట్టే 'క'. అన్నిటికంటే కష్టం అలీ. మనం 'అ' అనేసి ఊరుకుంటాం. వాళ్లకి అది గొంతు బిగించి పలికే ఓ హల్లు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? కొండనాలుక 'క'తో కల్బ్ అంటే హృదయం. మామూలు 'క'తో కల్బ్ అంటే కుక్క! మనకి కల, కళ వేరు కాదూ?

పైగా ఈ పేర్లు మనకి కొత్తవి కావు. కాకపోతే పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి దారిలో కాస్త అరిగాయి. అరబ్బులు రమదాన్ అనే నెలే మనకి రంజాన్ అయింది. రోజూ అనుకునే హైదరాబాద్‌లోని 'హైదర్' అరబీ మాటే, సింహమని అర్థం. దాని మొదటి అక్షరం ఆ మిరపకాయ 'హా'నే.

ఫ్రిజ్ మీద కాగితం

ఆ తల్లి ఓ కాగితం తీసుకుని పదమూడు పేర్లూ తెలుగులో రాసింది. ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుకుంది. గొంతు లోతు నుంచి రావాల్సిన అక్షరాల కింద చుక్క పెట్టుకుంది. ఫ్రిజ్‌కి అంటించి, వంట చేస్తూ వల్లెవేసింది. కొడుకే మాస్టారు. 'ఇంకా రాలేదమ్మా' అని మార్కులు కోసేవాడు.

మధ్యలో ఓ తకరారు వచ్చింది. తరగతిలో తారిఖ్‌లు ఇద్దరున్నారు. లెబనాన్ పిల్లవాడిని వాళ్లమ్మ పిలుస్తుంటే చివరి అక్షరం వినపడలేదు. గొంతు టక్కున ఆగిపోయింది. యెమెన్ పిల్లవాడిని వాళ్ల నాన్న 'తారిగ్' అన్నాడు. పుస్తకంలోనేమో కొండనాలుక 'క'. మరి ఏది సరైనది?

సందేహం తీర్చింది ఖాలిద్ తల్లే. 'ఏ ఇంటి పలుకు ఆ ఇంటిది. ఇంట్లో ఎలా పిలుస్తారో అడగండి. అదే వాడి పేరు' అంది. ఖాలిద్ అంటే అర్థమూ చెప్పింది. ఎప్పటికీ ఉండేవాడు అని. 'మా భాషలో చిరంజీవి' అని సంబరపడింది తెలుగు తల్లి. శుభలేఖల్లో పిల్లల పేర్ల ముందు 'చి.' అని ఎందుకు వేస్తారో వివరించింది.

అప్పుడడిగింది ఖాలిద్ తల్లి. 'మరి మీవాణ్ని ఇంట్లో ఎలా పిలుస్తారు? మావాడు జే అంటాడు. అది సగం పేరులా ఉంది.'

తెలుగు తల్లికి గుండెలో చిన్న ముల్లు కదిలినట్టయింది. కొడుకు పేరు 'జ్ఞ'తో మొదలవుతుంది. పాస్‌పోర్టులో దాన్ని జె, ఎన్ అని రాయించారు. బడిలో చేరిన మొదటిరోజే టీచరు రెండుసార్లు ప్రయత్నించి, 'జే అని పిలవనా?' అని ముద్దుగా అడిగింది. వాడు సరేనన్నాడు. ఇంట్లోవాళ్లూ పోన్లే అనుకున్నారు. మొన్న కేకు మీద ఏం రాయించాలంటే, 'జే అని చాలమ్మా, నా పేరు ఎవరికీ రాదు' అన్నాడు. ఎవరి పేరో నేర్చుకోవడానికి వారంరోజులుగా గొంతు నొప్పి పుట్టేలా సాధన చేస్తున్న మనిషి, కన్నకొడుకు పేరు జారిపోతుంటే చూస్తూ ఊరుకుంది!

అక్కడే నిలబడి పూర్తిపేరు చెప్పింది. ఖాలిద్ తల్లి ఒకసారి తప్పింది, రెండోసారి తప్పింది. 'రాసేది జ, పలికేది గ... ఇదేం చోద్యం?' అని నవ్వింది. 'మాకూ ఉందిలే. అమ్ర్ అనే పేరు చివర పలకని అక్షరం ఒకటి రాస్తాం, ఉమర్‌తో కలిసిపోకుండా' అంది.

పుట్టినరోజు నాడు గుమ్మంలో నిలబడి ఆ తల్లి ఒక్కొక్కరినీ పేరుపేరునా లోపలికి పిలిచింది. ఖాలిద్‌నీ పిలిచింది. చప్పట్లేమీ మోగలేదు. పిల్లవాడు అసలు గమనించనేలేదు. పిలిచారు కాబట్టి వచ్చాడు, అంతే. సరిగ్గా పలికిన పేరుకి దక్కే బహుమతి అదే.

కేకు మీద మాత్రం పూర్తిపేరు ఉంది. ఖాలిద్ అది చూసి పొల్లుపోకుండా పలికాడు. వాళ్లింట్లోనూ ఫ్రిజ్ మీద ఓ కాగితం వెలిసిందట. అరబీ అక్షరమాలలో 'గ' లేదు. అందుకని వాళ్లమ్మ 'జ్ఞ' కోసం తారిఖ్ చివరి అక్షరాన్నే వాడుకుంది. వాళ్లింట్లో దాన్ని 'గ' అనే పలుకుతారు మరి!